"మామూ, మనం రజాకార్లమా?" 1948 సెప్టెంబర్‌లో అసలేం జరిగింది?

సెప్టెంబర్ నెల వచ్చిందంటే ఫోన్లలో కొన్ని వీడియోలు తిరగడం మొదలవుతుంది. గుర్రాల మీద తుపాకులు పట్టుకున్న మనుషులు, తగలబడే గుడిసెలు, వెనకాల భయంకరమైన సంగీతం. కింద ఎవరో ఒకరు రాస్తారు: "వీళ్ల తాతలు చేసింది ఇదీ" అని.

పోయిన సెప్టెంబర్‌లో పెద్దారవీడులో మా అక్క కొడుకు బడి నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా అడిగాడు: "మామూ, మనం రజాకార్లమా?" వాడు చదివేది ఎనిమిదో తరగతి. క్లాసులో ఒకడు వీడియో చూసొచ్చి వాణ్ణి ఆ పేరుతో పిలిచాడంట. మా అక్క "ఆ మాటలు మనకెందుకు, పో, ముఖం కడుక్కో" అని పంపించేసింది. వాడు కదల్లేదు. నాకూ సరైన జవాబు రాలేదు. బీకాంలో లాభనష్టాల ఖాతా నేర్పారు గానీ ఈ ఖాతా ఎవరూ నేర్పలేదు.

ఆ తర్వాత చదివాను, పెద్దల్ని అడిగాను. మన ఇళ్లలో ఇంకెవరైనా పిల్లలు ఇదే ప్రశ్న అడిగితే తల్లిదండ్రులకు పనికొస్తుందని, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన ఊరి సంగతి

చిన్న జవాబు ఇది: 1948లో పెద్దారవీడు, మార్కాపురం, గిద్దలూరు, కంభం నిజాం రాజ్యంలోనే లేవు. ఈ ప్రాంతాన్ని నిజాం 1800లోనే ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కడప, బళ్లారి, కర్నూలు వైపు సీమను 'దత్త మండలాలు' అన్నది అందుకే. 1948 నాటికి మన ఊళ్లు మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లాలో ఉన్నాయి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో.

అంటే 1947 ఆగస్టు 15 నాడు మన తాతలు, నానీలు భారత పౌరులయ్యారు. నల్లమల దాటి, కృష్ణ అవతలి ఒడ్డుకు పోతే అది వేరే ప్రభుత్వం, వేరే నోటు, వేరే సైన్యం. ఇప్పుడు దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డెక్కి శ్రీశైలం డ్యాం దగ్గర నిలబడితే అవతల తెలంగాణ కనిపిస్తుంది కదా, అప్పుడు ఆ గీతే సరిహద్దు. కర్నూలు టౌన్ దగ్గర తుంగభద్ర కూడా అంతే.

కాబట్టి మా వాడి ప్రశ్నకు మొదటి జవాబు "కాదు" అనే. కానీ అక్కడితో ఆపితే అది తప్పించుకోవడమే అవుతుంది. అవతలి ఒడ్డున ఉన్నదీ మన తెలుగువాళ్లే, అందులో ముస్లింలూ ఉన్నారు. వాళ్ల కథ కూడా తెలియాలి.

హైదరాబాద్ ఎంత పెద్దది?

రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. ఆ దెబ్బతో అలిసిపోయిన బ్రిటన్ రెండేళ్లకే ఇండియా వదిలిపెట్టి పోయింది. పోతూ పోతూ 560కి పైగా సంస్థానాల మీద తనకున్న అధికారం కూడా రద్దయిందని చెప్పింది. ఇండియాలో కలవాలా, పాకిస్తాన్‌లో కలవాలా అన్నది రాజులే తేల్చుకోవాలి. దాదాపు అందరూ తేల్చుకున్నారు. తేలకుండా మిగిలిన వాటిలో పెద్దవి కశ్మీర్, హైదరాబాద్, జునాగఢ్.

హైదరాబాద్ సుమారు 82 వేల చదరపు మైళ్లు. జనం 1 కోటి 60 లక్షల పైన. తెలుగు జిల్లాలు, మరాఠీ జిల్లాలు, కన్నడ జిల్లాలు అన్నీ కలిసిన రాజ్యం. జనంలో ఎనభై శాతం పైగా హిందువులు. ముస్లింలు వందలో పన్నెండు, పదమూడు మంది. పాలకుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. సొంత రైల్వే, సొంత తపాలా, సొంత సైన్యం ఉండేవి. సొంత రూపాయి కూడా ఉండేది. దాన్ని 'హాలీ సిక్కా' అనేవాళ్లు. మన వైపు రూపాయిని అక్కడ 'కల్దార్' అనేవాళ్లు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు మారకం.

1947 జూన్‌లోనే నిజాం తాను స్వతంత్రంగా ఉంటానని ఫర్మానా ఇచ్చాడు. ఇబ్బందేమిటంటే, హైదరాబాద్‌కు నాలుగు దిక్కులా ఇండియానే. సముద్రం లేదు, ఓడరేవు లేదు. ఉప్పు నుంచి పెట్రోలు దాకా బయట నుంచే రావాలి.

ఏడాది ఒప్పందం, లెక్కల తగాదా

1947 నవంబర్ 29న రెండు ప్రభుత్వాలు ఒక సంవత్సరానికి 'యథాతథ ఒప్పందం' చేసుకున్నాయి. అప్పటిదాకా ఉన్నది ఉన్నట్టు నడుస్తుంది, ఈలోగా మాట్లాడుకుందాం అని దాని అర్థం. ఇండియా తరఫున కె.ఎం. మున్షీ ప్రతినిధిగా హైదరాబాద్ వచ్చాడు. నిజాం తరఫున మీర్ లాయక్ అలీ ప్రధానమంత్రి అయ్యాడు. ఈయన పారిశ్రామికవేత్త.

ఆ ఒప్పందంలో మొదటి చీలిక డబ్బు దగ్గరే వచ్చింది. హైదరాబాద్ ప్రభుత్వం తన దగ్గరున్న భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో 20 కోట్ల రూపాయలు పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. తన రాజ్యంలో లావాదేవీలకు భారత రూపాయి చెల్లకుండా కట్టడి పెట్టింది. ఇవి ఒప్పందానికి విరుద్ధం అని ఢిల్లీ అన్నది. ఢిల్లీయే తమకు సరుకులు రానీయకుండా దిగ్బంధం చేస్తోందని హైదరాబాద్ అన్నది. మందులకు, ఉప్పుకు, పెట్రోలుకు కటకట వచ్చిందని ఫిర్యాదు. ఇంకోవైపు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానాల ఆసామి కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు మోసుకొచ్చి బీదర్, వరంగల్‌లో దించేవాడు.

1948 జూన్ వచ్చేసరికి మౌంట్‌బాటెన్ ఇండియా వదిలి వెళ్లిపోయాడు. చర్చలూ అక్కడితో ఆగిపోయాయి.

రజాకార్లంటే ఎవరు?

'రజాకార్' అంటే ఉర్దూలో స్వచ్ఛందంగా పనిచేసేవాడు, వలంటీర్. మంచి మాటే. దాన్ని చెడగొట్టింది మనుషులు.

మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అనే సంస్థ 1927లో మొదలైంది. దానికి పేరు తెచ్చిన నాయకుడు బహదూర్ యార్ జంగ్ 1944లో చనిపోయాడు. ఆ తర్వాత పగ్గాలు లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చాయి. ఆయన చేతుల్లో రజాకార్ల దళం ప్రైవేటు సైన్యంగా మారింది. ఊళ్ల మీద పడటం, ధాన్యం, సొమ్ము దోచుకోవడం, ఇళ్లు తగలబెట్టడం, మనుషుల్ని చంపడం జరిగాయి. ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు జరిగాయి. 1948 ఆగస్టు చివర్లో ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో ఊరివాళ్లను వరసబెట్టి కాల్చి చంపారు. ఆ ఊళ్లో స్మారకం ఇప్పటికీ ఉంది. భయంతో జనం సరిహద్దు దాటి కర్నూలు, విజయవాడ, షోలాపూర్ వైపు వచ్చేశారు.

దీన్ని మన పిల్లలకు దాచిపెట్టనక్కర్లేదు. జులుం ఎవరు చేసినా జులుమే. మనవాళ్ల పేర్లున్నంత మాత్రాన దాన్ని వెనకేసుకు రావాల్సిన అవసరం మనకు లేదు.

ఎదురు నిలబడ్డ ముస్లింలు

ఆ వీడియోల్లో ఎప్పుడూ కనిపించని మనిషి ఒకరున్నారు. షోయబుల్లా ఖాన్. ఉర్దూ పత్రికా రచయిత, 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ ఇండియాలో కలవాలి, రజాకార్లను కట్టడి చేయాలి అని రాజధానిలో కూర్చునే రాశాడు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇండియాలో కలవడమే మేలంటూ ప్రకటన ఇస్తే దాన్నీ అచ్చేశాడు. బెదిరింపులు వచ్చినా ఆపలేదు. ఆగస్టు 22 తొలి గంటల్లో పత్రిక పని ముగించుకుని ఇంటికి పోతుంటే కాచిగూడలో కాల్చారు, చెయ్యి నరికారు. అప్పుడాయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఇంచుమించు నా వయసు. వార్త రాయడానికి కూర్చున్నప్పుడు ఆ చెయ్యి గుర్తుకు రాకుండా ఉండదు.

ఆయన ఒక్కడే కాదు. నల్గొండ, వరంగల్ ఊళ్లలో దొరల మీద తిరగబడ్డ రైతు పోరాటంలోనూ ముస్లింలున్నారు. విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుల్లో కొట్లాడి హత్యకు గురైన షేక్ బందగీ పేదరైతు. కార్మికుల్ని కూడగట్టిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు. మరోవైపు నిజాం కింద జాగీర్లు, దేశ్‌ముఖీలు అనుభవించిన పెద్ద భూస్వాముల్లో హిందువులు చాలామంది. అంటే ఈ కథలో గీత హిందువులు ఇటు, ముస్లింలు అటు అన్నట్టు తిన్నగా లేదు. భూమి ఉన్నవాడు, లేనివాడు అన్న గీత కూడా ఉంది. ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలూ ఉండి ఉండొచ్చు.

ఆ ఐదు రోజులు

1948 సెప్టెంబర్ 11న కరాచీలో జిన్నా చనిపోయాడు. సెప్టెంబర్ 13 తెల్లవారుజామున భారత సైన్యం సరిహద్దు దాటింది. దీనికి పెట్టుకున్న రహస్య పేరు 'ఆపరేషన్ పోలో'.

ప్రధాన దళం పడమటి నుంచి, షోలాపూర్ వైపు నుంచి వచ్చింది. దానికి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి అధిపతి. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన అధికారి. ఆయన వెంట ఆ యుద్ధం నాటి షెర్మన్ ట్యాంకులే ఉన్నాయి. మొదటి రోజే నల్దుర్గ్ దగ్గర వంతెన పట్టుకున్నారు. తూర్పు నుంచి, అంటే మన ఆంధ్ర వైపు విజయవాడ నుంచి మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో ఇంకో దళం కదిలింది. కోదాడ, సూర్యాపేట, నార్కట్‌పల్లి దారి. సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను నిజాం సైన్యం పేల్చేసినా పెద్దగా ఆలస్యం కాలేదు. మిగతా సరిహద్దుల నుంచి చిన్న దళాలు వచ్చాయి. పైన భారత విమానాలు.

నిజాం సైన్యానికి అధిపతి సయ్యద్ అహ్మద్ అల్ ఎద్రూస్. శిక్షణ పొందిన సైనికులు ఇరవై వేల పైచిలుకు. వాళ్లకు ట్యాంకులు లేవు, చెప్పుకోదగ్గ విమాన బలం లేదు. ఢిల్లీ ఎర్రకోట మీద అసఫియా జెండా ఎగరేస్తామని ఖాసిం రజ్వీ ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆయన్ని నమ్మి బరిసెలు, పాత తుపాకులతో ట్యాంకులకు ఎదురెళ్లిన పల్లెటూరి కుర్రాళ్లు చచ్చిపోయారు. రెండు సైన్యాలు కలిపి పోగొట్టుకున్నది వందల్లో ఉంటే, రజాకార్లలో చనిపోయినవాళ్లు వెయ్యికి పైనే అని ప్రభుత్వ లెక్క.

సెప్టెంబర్ 17 సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. 18న అల్ ఎద్రూస్ నగరం బయట చౌదరికి లొంగిపోయాడు. మొదలైన దగ్గర్నుంచి ప్రకటన దాకా వంద గంటలు కాస్త దాటాయంతే.

సైన్యం వస్తే 'పోలీస్' అని ఎందుకన్నారు?

ఇది పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న. ట్యాంకులు, విమానాలు వస్తే అది పోలీసు పని ఎట్లా అవుతుంది?

హైదరాబాద్ ఆగస్టు 21నే ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసింది. మాది వేరే దేశం, పక్క దేశం మమ్మల్ని బెదిరిస్తోంది అని దాని సారం. హైదరాబాద్ వేరే దేశమే కాదు, ఇది మా ఇంటి శాంతిభద్రతల సమస్య అని ఇండియా వాదన. 'యుద్ధం' అంటే అవతలిది దేశమని ఒప్పుకున్నట్టే. 'పోలీస్ చర్య' అంటే ఇంటి వ్యవహారం. సెప్టెంబర్ 16న ప్యారిస్‌లో భద్రతా మండలి ఈ సంగతి చర్చకు తీసుకునేసరికి సైన్యం సగం దారిలో ఉంది. సెప్టెంబర్ 22న నిజామే ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నట్టు తెలిపాడు.

ఉర్దూలో పాతతరం వాళ్లు దీన్ని 'సుఖూతె హైదరాబాద్' అంటారు. హైదరాబాద్ పతనం అని. పేరు మారితే కథ మారిపోతుందని దీంతో అర్థమవుతుంది.

యుద్ధం ఆగాక మొదలైంది

వీడియోల్లో లేని రెండో సగం ఇది. సెప్టెంబర్ 18తో తుపాకులు ఆగాయి. చావులు ఆగలేదు. రజాకార్ల మీద ఉన్న కోపం ఏ పాపం ఎరగని ముస్లిం ఇళ్ల మీద తీర్చుకున్నారు. ఈ వార్తలు ఢిల్లీ చేరాక నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ ఆధ్వర్యంలో ఒక బృందాన్ని పంపింది. అందులో ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులు. 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా వాళ్లు ఊళ్లు తిరిగారు. రాజ్యంలోని 16 జిల్లాల్లో 9 జిల్లాలు చూశారు.

వాళ్ల అంచనా ప్రకారం ఆ రోజుల్లో చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఇవి మరాఠీ, కన్నడ సీమలు. తెలుగు జిల్లాల్లో అంత తీవ్రత లేదు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీలో చేతులు కలిపారని చెప్పిన సాక్షుల మాటలను నివేదికలో రాశారు. సైన్యంలో క్రమశిక్షణతో నిలబడి జనాన్ని కాపాడిన అధికారులున్నారని కూడా రాశారు. సర్దార్ పటేల్ ఈ నివేదికను ఒప్పుకోలేదు. దశాబ్దాల పాటు అది బయటికి రాలేదు. 2013లో ఎ.జి. నూరానీ తన పుస్తకంలో అచ్చేశాక చాలామందికి తెలిసింది. ఆ అంకెల మీద చరిత్రకారుల్లో ఇప్పటికీ వాదన ఉంది. చావులు జరిగాయన్న దాని మీద వాదన లేదు.

ఆ నివేదికలో నన్ను ఆపిన చోటు వేరే ఉంది. పొరుగున ఉన్న ముస్లింలను కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న హిందువుల గురించి వాళ్లు రాశారు. ముఖ్యంగా ఒకే వృత్తి చేసుకునేవాళ్ల మధ్య ఆ ప్రేమ ఎక్కువ కనిపించిందంట. కొన్ని ఊళ్లలో హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లకు అడ్డంగా నిలబడ్డారు, అందులో కొందరు చనిపోయారు. ఎత్తుకెళ్లిన ఆడపిల్లల్ని తిరిగి ఇళ్లకు చేర్చడంలో సాయపడ్డ హిందువులూ ఉన్నారు. ఒకే మగ్గం పని, ఒకే సంత, ఒకే అప్పుల బాధ. మార్కాపురం పలకల గనుల్లో, పలకల మిషన్ల దగ్గర పక్కపక్కన కూర్చుని పనిచేసే మనవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎవరు ఏమయ్యారు?

పెద్దవాళ్ల లెక్క ఒక రకంగా తేలింది, చిన్నవాళ్ల లెక్క ఇంకో రకంగా.

నిజాం రాజప్రముఖ్‌గా 1956 దాకా హోదాలోనే ఉన్నాడు. లాయక్ అలీ గృహ నిర్బంధం నుంచి తప్పించుకుని 1950లో పాకిస్తాన్ చేరాడు. ఖాసిం రజ్వీ జైలు శిక్ష అనుభవించి, 1957లో విడుదలై ఆయనా పాకిస్తాన్ పోయాడు. లొంగిపోయిన రెండు రోజులకు, సెప్టెంబర్ 20న, లండన్ బ్యాంకులోని నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి పది లక్షల పౌండ్లు అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదికి మారాయి. ఆ డబ్బు ఎవరిదన్న తగాదా 71 ఏళ్లు నడిచింది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు ఇండియా, నిజాం వారసుల పక్షాన తీర్పు ఇచ్చింది. అప్పటికి అది వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లయింది.

ఆ డబ్బుకు పైసాతో సహా లెక్క ఉంది. ఉస్మానాబాద్ దగ్గర ఏదో ఊళ్లో చనిపోయిన నేతగాడి పేరు ఏ ఖాతాలోనూ లేదు. బైరాన్‌పల్లి రైతు పిల్లలకు ఏ కోర్టూ వడ్డీ కట్టలేదు. ఉద్యోగాలు పోయి, ఊళ్లు వదిలి నగరం పాతబస్తీలో తేలిన కుటుంబాలకూ అంతే. రెచ్చగొట్టినవాళ్లు ఓడ ఎక్కారు, విన్నవాళ్లు ఊళ్లో మిగిలి మోశారు.

సెప్టెంబర్ 17కు ఎన్ని పేర్లో

ఆ రోజును కేంద్రం 2022 నుంచి 'హైదరాబాద్ విమోచన దినం'గా జరుపుతోంది. తెలంగాణలో అప్పటి ప్రభుత్వం 'జాతీయ సమైక్యతా దినం' అన్నది. తర్వాత వచ్చిన ప్రభుత్వం 'ప్రజాపాలన దినోత్సవం' అన్నది. కమ్యూనిస్టులు సాయుధ పోరాటాన్ని గుర్తు చేస్తారు. ఒక్కో పేరులో కథ ఒక్కో ముక్క ఉంది. రజాకార్ల బాధ తప్పినవాడికి అది నిజంగానే విమోచనం. ఆ వారంలోనే తండ్రిని పోగొట్టుకున్న బిడ్డకు అది ఇంకొకటి. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

పిల్లలకు ఏం చెప్పాలి?

నేను మా వాడికి ఇట్లా చెప్పాను. మన ఊరు ఆ రాజ్యంలో లేదు. ఉన్నా కూడా, ఒక సంస్థ చేసిన దానికి ఆ మతంలో పుట్టిన అందరూ బాధ్యులు కారు. రజాకార్లు చేసింది జులుం, దాన్ని మనం ఒప్పుకోం. దాన్ని అందరికంటే ముందు ఒప్పుకోనివాడు షోయబుల్లా అనే ముస్లిం. తర్వాత మనవాళ్ల మీద జరిగింది కూడా జులుమే, దాన్నీ ఎవరూ దాచకూడదు. ఈ రెండింటి మధ్య పక్కింటివాణ్ణి కాపాడుతూ చచ్చిపోయిన మనుషులున్నారు, వాళ్లను మరిచిపోవద్దు.

వాడు అంతా విని ఒకటే అడిగాడు: "ఇది మా క్లాసులో వాడికి చెప్పనా?"

చెప్పు, కానీ కొట్లాడొద్దు అన్నాను. వాడి పేరు షోయబుల్లా అని ముందు చెప్పి, తర్వాత మిగతాది చెప్పమన్నాను. మరుసటి రోజు ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చున్నారని మా అక్క ఫోన్ చేసి చెప్పింది.

ఈ సెప్టెంబర్‌లో మీ ఇంట్లో ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే "మనకెందుకు" అని పంపించేయకండి. మనం చెప్పకపోతే ఫోన్ చెబుతుంది. అది చెప్పేది సగమే.